రెండేళ్ల మాస్టర్సా, పది వారాల పుణె మకామా? శాంతి ఫెలోషిప్‌లలో మీకు నప్పేది ఏది

ఫిబ్రవరి వచ్చిందంటే స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రుల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. “అన్నా, రోటరీ పీస్ ఫెలోషిప్ అంట. చదువు, తిండి, విమానం టికెట్టు అన్నీ వాళ్లే ఇస్తారంట. పెట్టేద్దామా?” పెట్టొచ్చు. కానీ “మాస్టర్సా, సర్టిఫికెట్టా?” అని నేను అడగ్గానే అవతల మాట ఆగిపోతుంది. ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు కోర్సులున్నాయని చాలామందికి తెలియదు. ఒకదానికి సరిపోయే మనిషి రెండోదానికి అసలు సరిపోకపోవచ్చు. దాని పక్కన బ్రిటన్ వాళ్ల చెవెనింగ్ ఉంది, అమెరికా చదువుకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఉంది, యూరప్‌లో నోహా అనే మాస్టర్స్ ఉంది. ప్రకటనలు దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి: రేపటి నాయకులు, ప్రపంచ శాంతి, ఖర్చంతా మాదే. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కోటి ఒక్కో రకం మనిషి కోసం వెతుకుతోంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దేశం పేరు చూసి, యూనివర్సిటీ పేరు చూసి ఎంచుకుంటే దెబ్బతింటారు. మీ చేతిలో వదిలి వెళ్లలేని పని ఏదైనా ఉందా, లేక ఇప్పుడున్న పని నుంచి ఇంకో దారిలోకి మళ్లాలనుకుంటున్నారా? ఈ ప్రశ్నకు మీకు మీరు నిజం చెప్పుకుంటే జాబితాలో సగం దానంతట అదే తగ్గిపోతుంది.

శాంతి పని వేరు, సహాయం పని వేరు

దానికంటే ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. పీస్‌బిల్డింగ్ (శాంతి నిర్మాణం), హ్యుమానిటేరియన్ డిప్లొమసీ (సహాయం లోపలికి చేరడానికి నడిపే మంతనాలు) అనే మాటలు ఈ ప్రకటనల్లో జంటగా తిరుగుతుంటాయి. చుట్టాలే, కానీ ఒకే ఇంట్లో ఇమిడే చుట్టాలు కాదు.

మన దగ్గరి సంగతే తీసుకుందాం. రిటైర్డ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా 1997లో మొదలైన పౌర స్పందన వేదిక, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు కలపడానికి ఏళ్ల తరబడి తిరిగింది. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. కొన్ని నెలలకే అది చెడిపోయింది, అది వేరే కథ. ఎన్‌కౌంటర్ల గురించి ప్రభుత్వాన్ని, హత్యల గురించి అడవిలోని వాళ్లను, ఇద్దరినీ నిలదీస్తూ, భూమి లాంటి మూల సమస్యల దాకా మాటను తీసుకెళ్లడం శాంతి నిర్మాణం. రాజకీయంలో చేయి పెట్టకుండా ఆ పని జరగదు.

అదే అడవిలో ఇంకో దృశ్యం. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి వేల మంది గొత్తికోయలు అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి పారిపోయి వచ్చారు. ఆ సరిహద్దు ప్రాంతంలో ఎంఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థ సంచార క్లినిక్‌లు నడిపింది. అలాంటి చోట పనిచేసే డాక్టరు ‘తప్పు ఎవరిది’ అని అడగడు. అడిగిన మర్నాడు ఆ ఊరికి దారి మూసుకుపోతుంది. మందుల పెట్టె లోపలికి వెళ్లాలంటే అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లతో మాట్లాడాలి, ఎవరి పక్షమూ వహించకూడదు. రెడ్‌క్రాస్ ఏడు మూల సూత్రాల్లో మొదటి నాలుగు మానవత, నిష్పాక్షికత, తటస్థత, స్వతంత్రత. హ్యుమానిటేరియన్ డిప్లొమసీ ఈ నాలుగింటి మీద నిలబడిన బేరసారాల విద్య.

మీకు ఏది ఒంటికి పడుతుంది? అన్యాయం కనిపిస్తే నోరు మూసుకోలేని మనిషికి తటస్థత నరకం. గాయపడినవాడికి కట్టు కట్టి పంపితే చాలు, మిగతాది మన పని కాదు అనుకోగలిగినవాడికి శాంతి చర్చల సాగదీత నరకం. కోర్సు ఎంపికకు ఇది మార్కులకన్నా ముఖ్యం. రోటరీ కేంద్రాలు దాదాపు అన్నీ మొదటి వైపువి. నోహా రెండో వైపుది. చెవెనింగ్, ఫుల్‌బ్రైట్‌లకు ఆ పట్టింపు లేదు. కోర్సు మీరు వెతుక్కోవాలి, డబ్బు వాళ్లిస్తారు.

రోటరీ: ఒక పేరు, రెండు దారులు

రోటరీ పీస్ ఫెలోషిప్ మొదటి బృందం 2002లో చదువు మొదలుపెట్టింది. మాస్టర్స్ కేంద్రాలు స్వీడన్‌లో ఉప్సల, ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్, ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ, టోక్యోలో ఇంటర్నేషనల్ క్రిస్టియన్ యూనివర్సిటీ, అమెరికాలోని నార్త్ కరోలినాలో డ్యూక్, చాపెల్‌హిల్ యూనివర్సిటీలు రెండూ కలిసి నడిపే కేంద్రం. కేంద్రాన్ని బట్టి ఏడాది పైచిలుకు నుంచి రెండేళ్ల దాకా పడుతుంది. ఫీజు, వసతి, తిండి, రానుపోను టికెట్టు, మధ్యలో ఇంటర్న్‌షిప్ ఖర్చు, అన్నీ ఫెలోషిప్‌లోనే. ఏటా ప్రపంచం మొత్తానికి మాస్టర్స్ సీట్లు 50 లోపే. డిగ్రీ, కనీసం మూడేళ్ల ఫుల్‌టైమ్ సంబంధిత అనుభవం ఉండాలి. సొంత దేశంలోని కేంద్రంలో మాస్టర్స్ చదవకూడదనే నియమం ఉంది కానీ, మనకు ఆ బెడద లేదు. ఇండియాలో మాస్టర్స్ కేంద్రమే లేదు.

ఈ ఐదింటి మధ్య తేడా వాతావరణంలో మాత్రమే ఉందనుకునేవాళ్లున్నారు. ఉప్సల యూనివర్సిటీ ప్రపంచంలో ఏ యుద్ధంలో ఎంతమంది చనిపోయారో ఏళ్ల తరబడి లెక్క రాస్తున్న చోటు. సాయుధ ఘర్షణల మీద వాళ్ల డేటాను ప్రపంచమంతా వాడుతుంది. అక్కడి చదువులో గణాంకాలు, పరిశోధన పద్ధతులు గట్టిగా ఉంటాయి. లెక్కలంటే భయపడేవాళ్లు ఐరాస సెక్రటరీ జనరల్ డాగ్ హమర్‌షెల్డ్ పెరిగిన ఊరు కదా అన్న మోజుతో ఉప్సల పెట్టుకోవద్దు. బ్రాడ్‌ఫర్డ్‌లో శాంతి అధ్యయనాల విభాగం 1973లో క్వేకర్లనే శాంతివాద క్రైస్తవుల చొరవతో పుట్టింది. అక్కడ ఆలోచనకు, చర్చకు, ఆచరణకు చోటెక్కువ. మధ్యవర్తిత్వం చేసి చేయి తిరిగినవాళ్లకు అది బాగుంటుందని నేననుకుంటాను. డ్యూక్ వైపు అభివృద్ధి విధానాలు, చాపెల్‌హిల్ వైపు ప్రజారోగ్యం లాంటివి బలం. ఆరోగ్య రంగం నుంచి వచ్చేవాళ్లు దాన్ని ముందు చూడాలి. టోక్యో, బ్రిస్బేన్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఆసియా-పసిఫిక్ ప్రాంతంలోనే ఉండిపోదామనుకునేవాళ్లకు అవి తార్కికం.

ఇక సర్టిఫికెట్టు. ఇది పూర్తిగా వేరే జంతువు. కనీసం ఐదేళ్ల అనుభవం అడుగుతారు, అంటే మాస్టర్స్‌కన్నా ఎక్కువ. ఎందుకంటే ఇది నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల కోసం కాదు, ఇప్పటికే ఏదో నడుపుతున్నవాళ్ల కోసం. మొత్తం ఏడాది. మొదట కొంత ఆన్‌లైన్, తర్వాత పది వారాలు కేంద్రంలో ఉండి చదువు, క్షేత్ర పర్యటనలు. ఆపైన తొమ్మిది నెలలు మీ ఊళ్లో మీ పనిలోనే ఉండి, మీరు ప్రతిపాదించిన సామాజిక మార్పు ప్రాజెక్టు నడుపుతారు. చివర మళ్లీ ఓ వారం పాటు అందరూ కేంద్రంలో కలుస్తారు. దరఖాస్తులోనే ఆ ప్రాజెక్టు ఏమిటో రాయాలి. ‘వెళ్లాక ఆలోచిస్తాను’ అనేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

సర్టిఫికెట్ కేంద్రాలు ఉగాండా రాజధాని కంపాలాలోని మకెరెరే, ఇస్తాంబుల్‌లోని బహ్‌చెషెహిర్, ఈ మధ్య వాటికి తోడైన పుణె సింబయాసిస్. ఒక్కోటి ఒక్కో ప్రాంతం మీద గురి పెట్టింది. ఆ ప్రాంతపు మనుషులై ఉండాలి, లేదా అక్కడ పనిచేస్తూ ఉండాలి, లేదా వేరే చోట ఉన్నా అక్కడి జనంతో పనిచేస్తూ ఉండాలి. మన పల్లెల్లో, ఏజెన్సీలో పనిచేసేవాళ్లకు సహజంగా పుణె. తూర్పు ఆఫ్రికాలో స్థిరపడి అక్కడి సంస్థల్లో ఉన్న తెలుగువాళ్లకు కంపాలా తలుపు తెరిచే ఉంటుంది. గల్ఫ్‌లో వలస కార్మికుల సమస్యల మీద పనిచేస్తున్నవాళ్లు ఇస్తాంబుల్ నిబంధనలు ఒకసారి చదవాలి.

“పుణెకా? దానికోసం ఇంత కష్టమెందుకు, విదేశం కాదుగా” అని ఒకాయన నాతో అన్నాడు. ఈ మాట వినగానే ఆయన మాస్టర్స్‌కు కూడా పెట్టకపోతే మేలు అనిపించింది. పక్క కుర్చీలో నేపాల్ నుంచో, శ్రీలంక నుంచో, మయన్మార్ నుంచో పదేళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి కూర్చుంటే ఆ పది వారాలు ఏ ఊళ్లో గడిచాయన్నది లెక్కలోకి రాదు.

ఒక జాగ్రత్త. పాత ఫెలోలు చెప్పే వివరాలను ఇప్పటికి అన్వయించుకోవద్దు. బ్యాంకాక్‌లోని చులాలోంగ్‌కార్న్‌లో 2006లో మొదలైన మూడు నెలల సర్టిఫికెట్టు చాలామంది భారతీయులు చేశారు. మూడు నెలలు సెలవు పెట్టి వెళ్లి వచ్చేయడమే అప్పటి పద్ధతి. ఇప్పటి ఏడాది పద్ధతి దానికి పోలికే లేదు. బర్కిలీ, పారిస్, బ్యూనస్ ఐరిస్ కేంద్రాలు ఎప్పుడో మూతపడ్డాయి. ఇంకా వాటి పేర్లు చెప్పే కన్సల్టెంట్లున్నారు.

మన దగ్గర చాలామంది తడబడేది మరోచోట. రోటరీ క్లబ్ సభ్యులు, ఉద్యోగులు, వాళ్ల భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, కోడళ్లు, అల్లుళ్లు, తల్లిదండ్రులు, తాతలు ఎవరూ అర్హులు కారు. సభ్యత్వం మానేసినా మూడేళ్లు ఆగాలి. గుంటూరు, రాజమండ్రి, వరంగల్ లాంటి ఊళ్లలో డాక్టర్ల, వ్యాపారుల ఇళ్లలో ఒక రోటేరియన్ లేని ఇల్లు అరుదు. నాన్నగారు కంటి శిబిరాలు పెట్టించిన రోటరీ ప్రెసిడెంటు కాబట్టి మనకు సులువు అనుకుంటారు. సులువు కాదు కదా, అర్హతే లేదు. నాలుగు నెలలు వ్యాసాలు రాసి, ఆఖరున ఈ నియమం చూసి కూలబడినవాళ్లు నాకు తెలుసు. మొదట చదవాల్సింది ఈ పేజీనే.

చెవెనింగ్, నోహా, ఫుల్‌బ్రైట్

చెవెనింగ్ బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్, 1983 నుంచి నడుస్తోంది. ఏడాది మాస్టర్స్. దరఖాస్తులో మూడు కోర్సులు చూపించాలి. అనుభవం రెండేళ్లు అంటారు కానీ లెక్క గంటల్లో: 2,800 గంటలు. ఇందులో నాకు నచ్చేది ఆ గంటల్లో పార్ట్‌టైమ్, వాలంటీరు పని, ఇంటర్న్‌షిప్ కూడా కలుస్తాయి. జీతం పేరుతో నెలకు ఆరువేలు చేతిలో పెట్టే సంస్థల్లో రెండు మూడేళ్లు పనిచేసి, ‘అది అనుభవం కిందకు వస్తుందా’ అని సిగ్గుపడే పిల్లలకు ఇది పెద్ద ఊరట. వయోపరిమితి లేదు. చదువయ్యాక ఇండియాకు తిరిగొచ్చి రెండేళ్లు ఉండాలి.

రోటరీకీ చెవెనింగ్‌కూ తూకం వేస్తే నాకు కనిపించే తేడా ఇది. రోటరీ ‘నీ పని ఏమిటి’ అని అడుగుతుంది. చెవెనింగ్ ‘నువ్వు ఎవరివి, ఎవరెవరిని కదిలించగలవు’ అని అడుగుతుంది. దాని వ్యాసాల్లో నాయకత్వం, పరిచయాల అల్లిక ప్రధానం. నోరున్న, నలుగురిలో చొరవగా కలిసే మనిషికి అది కలిసొస్తుంది. పదేళ్లు ఒకే తండాలో తలవంచుకుని పనిచేసిన మనిషి చెవెనింగ్ ఇంటర్వ్యూలో చిన్నబోవచ్చు. అదే మనిషి రోటరీ సర్టిఫికెట్టుకు బంగారం.

నోహా సంగతి. ఇది మానవతా సహాయ రంగం మీద యూరప్ యూనివర్సిటీలు 1993 నుంచి కలిసి నడుపుతున్న రెండేళ్ల మాస్టర్స్. బిల్బావో, బోకుమ్, గ్రోనింగన్, డబ్లిన్, వార్సా, ఉప్సల, మాల్టా, ఎక్స్-మార్సె యూనివర్సిటీల పేర్లు ఇందులో వినిపిస్తాయి. ఒక దేశంలో మొదలుపెట్టి ఇంకో దేశంలో కొనసాగించాలి. మధ్యలో యూరప్ బయట శిక్షణో, ఏదైనా సంస్థలో పనో ఉంటుంది. అంతర్జాతీయ మానవతా చట్టం, శిబిరాల నిర్వహణ, వైపరీత్యాల్లో సమన్వయం లాంటివి నేర్పుతారు. హ్యుమానిటేరియన్ డిప్లొమసీ అన్న మాటకు దగ్గరగా ఉన్న మాస్టర్స్ ఈ జాబితాలో ఇదొక్కటే. పైగా ఏళ్ల అనుభవం ఉండి తీరాలన్న పట్టు రోటరీ అంత గట్టిగా ఉండదు. కాబట్టి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వాళ్లు మొదట చూడాల్సింది దీన్ని.

కానీ డబ్బు దగ్గర ఒక మెలిక ఉంది. దీనికి డబ్బు ఎరాస్మస్ ముండుస్ అనే యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ పథకం నుంచి రావాలి. ఆ పథకం కింద నెలకు 1,400 యూరోలు, రెండేళ్లకు 33,600. ఫీజు విడిగా మాఫీ, బీమా ఉంటుంది. మిగతాదంతా ఆ 1,400 లోంచే: విమానం టికెట్టు, వీసా, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సామాను మోసుకుని ఇల్లు మారడం, రెండుసార్లు అడ్వాన్సులు కట్టడం. డబ్లిన్‌లో అద్దె కట్టాక ఎంత మిగులుతుందో, వార్సాలో కట్టాక ఎంత మిగులుతుందో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. సీటు రావడం వేరు, స్కాలర్‌షిప్ రావడం వేరు అన్నదీ గుర్తుంచుకోండి. ఆ ఏడాది బ్యాచ్‌కు స్కాలర్‌షిప్‌లు ఉన్నాయో లేదో చూడకుండా దరఖాస్తు మొదలుపెట్టవద్దు. సొంత డబ్బుతో, బ్యాంకు లోనుతో ఈ కోర్సు చేయమని నేనెవరికీ చెప్పను. ఆ లోను తీర్చే జీతాలు ఈ రంగంలో మొదటి నాలుగేళ్లు రావు.

ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ అమెరికా చదువు. మూడేళ్ల జీతమున్న ఫుల్‌టైమ్ అనుభవం కావాలి, డిగ్రీలో 55 శాతం కావాలి. మూడేళ్ల బీఏ, బీఎస్సీ ఒక్కటే ఉంటే చాలదు, దాని మీద పీజీయో, పీజీ డిప్లొమానో ఉండాలి. అమెరికా నాలుగేళ్ల డిగ్రీకి సమానం కావాలన్నది వాళ్ల లెక్క. ఎంచుకోగల సబ్జెక్టుల జాబితా చిన్నది. అందులో అంతర్జాతీయ వ్యవహారాలు ఉన్నాయి కాబట్టి మన దారి మూసుకోలేదు. అయితే వీసా జే-1. చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో గడపకుండా హెచ్-1బీ గానీ గ్రీన్‌కార్డు గానీ కుదరదు. మన ఇళ్లలో అమెరికా చదువంటే తర్వాత ఏమనుకుంటారో మీకు తెలుసు. ఇంట్లో ఆ ఆశ ఉంటే ముందే చెప్పేయండి. తర్వాత టెన్షన్ ఉండదు.

మిగిలినవి రెండు మాటల్లో

మతాల మధ్య సంభాషణ మీ పని అయితే, అంటే మీరు చర్చిలోనో, మసీదు కమిటీలోనో, మఠంలోనో, మత విద్య నేర్పే చోటో ఉంటే, కైసిడ్ ఫెలోల కార్యక్రమం చూడండి. 2012లో వియన్నాలో మొదలైన ఈ కేంద్రం ఇప్పుడు లిస్బన్‌లో ఉంది. దీన్ని నిలబెట్టింది సౌదీ అరేబియా, ఆస్ట్రియా, స్పెయిన్. వాటికన్ పరిశీలక హోదాలో ఉంది. సౌదీ డబ్బు అనగానే ముఖం తిప్పుకునేవాళ్లున్నారు. ఆ నిర్ణయం మీది.

సహాయ సంస్థలో ఇప్పటికే ఉండి, చెక్‌పోస్టుల దగ్గర, అధికారుల గదుల్లో అనుమతుల కోసం మాట్లాడే పని మీదైతే డిగ్రీ కోసం తిరగడం అనవసరం. జెనీవాలో 2016లో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ, ప్రపంచ ఆహార కార్యక్రమం, ఐరాస శరణార్థుల సంస్థ, ఎంఎస్ఎఫ్ తదితరులు కలిసి మానవతా చర్చల మీద ఒక కేంద్రం పెట్టారు. క్షేత్రంలో ఉన్నవాళ్లు తోటివాళ్ల దగ్గర నేర్చుకునే వర్క్‌షాపులు అక్కడ నడుస్తాయి. నా దృష్టిలో హ్యుమానిటేరియన్ డిప్లొమసీ నేర్చుకోవడానికి అసలు తోవ ఇదే. ముందు సంస్థలో చేరడం, రెండు మూడు పోస్టింగులు చేయడం, ఆ తర్వాత ఇలాంటి శిక్షణ. ఫెలోషిప్‌తో మొదలుపెట్టి నేరుగా చర్చల బల్ల దగ్గర కూర్చుంటామనుకోవడం ఈత పుస్తకం చదివి గోదావరిలో దూకడమే.

‘అంతా ఫ్రీ’ అన్న మాట

ఫ్రీ అన్నది మీకు మాత్రమే, మీ ఇంటికి కాదు. మీ కుటుంబం ఖర్చు రోటరీ భరించదు. చెవెనింగ్ స్టైపెండు ఒక్కరికి లెక్క వేసింది. ముప్ఫై దాటి, పిల్లలుండి, ఇంటి లోను ఈఎంఐ ఉన్న మనిషికి రెండేళ్లు జీతం లేకపోవడమే అసలు ఖర్చు. ఆ సంగతి ఏ ప్రకటనలోనూ రాయరు. సర్టిఫికెట్టులో ఇల్లు వదిలి ఉండేది పది వారాలు, ఆపైన ఓ వారం. మీ సంస్థ ఆ పది వారాలకు జీతంతో సెలవిస్తుందా, జీతం లేకుండానా అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాటతో వెళ్లి, తిరిగొచ్చేసరికి నా కుర్చీలో ఇంకొకరు కూర్చున్న అనుభవం నాకుంది. సంస్థ పేరు చెప్పను. ప్రభుత్వ ఉద్యోగులైతే ఎన్ఓసీ కాగితం కదలడానికి పట్టే కాలాన్ని మీకు నేను చెప్పక్కర్లేదు.

కుటుంబాన్ని తీసుకెళ్లాలనుకునేవాళ్లకు బ్రిటన్‌లో ఒక విచిత్రం. 2024 జనవరి నుంచి తరగతి చదువు మాస్టర్స్ విద్యార్థులు భార్యాపిల్లలను వెంట తెచ్చుకోకూడదు. పరిశోధన డిగ్రీలకు, ఆరు నెలలు దాటిన కోర్సుకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వచ్చేవాళ్లకు మినహాయింపు. అంటే ఒకే బ్రాడ్‌ఫర్డ్, ఒకే కోర్సు: చెవెనింగ్ మీద వెళ్తే కుటుంబాన్ని తీసుకెళ్లే వీలుంది, ఖర్చు మీదే అయినా. రోటరీ మీద వెళ్తే రోటరీ ప్రభుత్వం కాదు కాబట్టి ఆ వీలు లేదు. చిన్నపిల్లల తల్లికి ఈ ఒక్క వాక్యం మిగతా పోలికలన్నింటినీ పక్కకు నెట్టేస్తుంది.

సర్టిఫికెట్టు ప్రాజెక్టుకు డబ్బు ఎక్కడిదన్నది ఇంకో లెక్క. ఫెలోషిప్ మీ చదువుకు, బసకు. ఊళ్లో నడిపే కార్యక్రమం ఖర్చు మీరే వెతుక్కుంటామనుకుని ప్లాన్ వేసుకోండి. అక్కడ పరిచయమైన విదేశీ మిత్రులు చందా పంపుతామంటే మురిసిపోవద్దు. మీ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, లేకపోతే ఆ డబ్బు ముట్టుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్ఏ ఉన్న ఇంకో సంస్థ ద్వారా తిప్పుకునే దారి కూడా మూసేశారు. అందుకే పైసా ఖర్చు లేకుండానో, పంచాయతీ, మహిళా సంఘాల ఊతంతోనో నడిచే ప్రాజెక్టు రాసుకున్నవాళ్లు నాకు తెలివైనవాళ్లుగా కనిపిస్తారు.

చదువయ్యాక ఉద్యోగం గురించి తీపి మాటలు చెప్పలేను. 2025 జులై 1తో అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది. ఐరాస శరణార్థుల సంస్థ ఆ ఏడాదే వేలల్లో ఉద్యోగాలు తీసేసింది. వాషింగ్టన్‌లోని ప్రభుత్వ శాంతి సంస్థలో చాలామందికి మార్చి నెలాఖరున ఉద్వాసన మెయిళ్లు వచ్చాయి. మాస్టర్స్ పట్టా పట్టుకుని జెనీవా గుమ్మం ఎక్కే వరుసలో ఇప్పుడు పదిహేనేళ్ల అనుభవమున్నవాళ్లు కూడా నిలబడ్డారు. అందువల్ల ఈ రెండు మూడేళ్లకు నా మొగ్గు సర్టిఫికెట్టు వైపు. చేతిలో ఉన్న పనిని వదలకుండా చేసే చదువు అదొక్కటే.

ముగ్గురిని ఊహించుకుందాం

భద్రాచలం దగ్గర గొత్తికోయ ఆవాసాల్లో ఎనిమిదేళ్లుగా పిల్లల చదువు, అటవీ శాఖతో తగాదాలు చూస్తున్న ముప్ఫై ఐదేళ్ల మహిళ. ఇద్దరు పిల్లలు. ఆమెకు పుణె తప్ప ఇంకోటి చెప్పను. పది వారాలు అమ్మమ్మ ఊళ్లో పిల్లలను ఉంచితే అయిపోతుంది, తొమ్మిది నెలల ప్రాజెక్టు ఆమె రోజూ చేసే పనే.

హైదరాబాద్‌లో న్యాయ సహాయ సంస్థలో మూడేళ్లు చేసిన ఇరవై ఎనిమిదేళ్ల లాయరు. పెళ్లి కాలేదు, ఊరు మారడానికి సిద్ధం. ఇతను ఒకే ఏడాది చెవెనింగూ, రోటరీ మాస్టర్సూ రెండూ పెట్టాలి. గడువులు వేర్వేరు నెలల్లో పడతాయి కాబట్టి ఇబ్బంది లేదు. రెండూ వస్తే? నేనైతే రోటరీ. ఏడాది చదువులో సర్దుకునేసరికే కాలం అయిపోతుంది. పైగా ఇంటర్న్‌షిప్‌కు డబ్బిచ్చేవాళ్లు అరుదు.

నిన్నగాక మొన్న ఎంఎస్‌డబ్ల్యూ పూర్తి చేసిన ఇరవై మూడేళ్ల అమ్మాయి. నోహా స్కాలర్‌షిప్‌కు పెట్టి చూడొచ్చు. రాకపోతే బాధపడకుండా రెండేళ్లు క్షేత్రంలో పనిచేయడం మంచిది, ఏజెన్సీలోనో, వరద ముంపు మండలాల్లోనో. గంటలు రాసి పెట్టుకోవాలి. పనిచేసిన ప్రతి సంస్థ నుంచీ తేదీలతో లేఖ తీసుకోవాలి. చిన్న సంస్థలు మూతపడ్డాక ఆ లేఖ ఇచ్చేవాళ్లుండరు.

రాసేటప్పుడు

‘ప్రపంచ శాంతికి నా వంతు కృషి’ అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయండి. ఇసుక రేవు మీద రెండు ఊళ్లు కొట్టుకున్నాయి, కేసులు పెట్టుకున్నాయి, మీరు ఎవరెవరి ఇళ్లకు ఎన్నిసార్లు వెళ్లారు, ఎవరు మిమ్మల్ని గుమ్మంలోంచే పంపేశారు, చివరికి ఏం కుదిరింది, ఏం కుదరలేదు. అది రాయండి. కుదరనిది రాయడానికి మనవాళ్లు జంకుతారు. కానీ ఎంపిక చేసేవాళ్లు చూసేది దాన్నే, శాంతి పనిలో ఓడిపోనివాడు ఆ పని చేసి ఉండడని వాళ్లకు తెలుసు. పంచాయితీ, పెద్దమనుషులు, కులపెద్దలు లాంటి మాటలను ఇంగ్లీషులో పెట్టేటప్పుడు ఒక్కో ముక్కలో విడమర్చాలి, ఉప్సలలో కూర్చున్నవాళ్లకు అర్థమయ్యేలా.

సిఫారసు లేఖలు కలెక్టరు దగ్గరో, ఎమ్మెల్యే దగ్గరో తెచ్చుకోవాలని ఆరాటపడకండి. మిమ్మల్ని రెండుసార్లు చూసిన పెద్ద మనిషి నాలుగు పొగడ్తలు రాస్తాడు, అందులో పని కనిపించదు. మీతో రాత్రిపూట ఆటోలో తిరిగిన మీ కోఆర్డినేటరు రాసిన పేజీ నయం.

క్యాలెండరు ఇలా ఉంటుంది. రోటరీ ఫిబ్రవరిలో తెరిచి మే 15న మూస్తుంది, చదువు మరుసటి ఏడాది. ఫుల్‌బ్రైట్ గడువూ మామూలుగా వేసవిలోనే. చెవెనింగ్ ఆగస్టు నుంచి అక్టోబరు మొదటి వారం దాకా. ఎరాస్మస్ శీతాకాలంలో. రోటరీ పెట్టేవాళ్లు మీ ఊరి క్లబ్బు వాళ్లను మార్చిలోనే పలకరించండి, చాలా క్లబ్బులకు ఈ ఫెలోషిప్ సంగతే తెలియదు, మీరే చెప్పాల్సి వస్తుంది. ఇంగ్లీషు పరీక్ష స్లాటు కూడా అప్పుడే చూసుకోండి. ఇక సిఫారసు లేఖ ఏప్రిల్ మొదట్లో అడగండి. మే నెల మన దగ్గర పెళ్లిళ్ల కాలం. గడువు నాడు సంతకం పెట్టాల్సిన సారు ఏ ఊరి కల్యాణ మండపంలో ఉంటారో, అక్కడ సిగ్నల్ ఉంటుందో ఉండదో ఎవరు చెప్పగలరు.